మిరపకాయ కోసం వంగిన కాలువ

కేంబ్రిడ్జ్‌లో మా ఇంటికి భోజనానికి వచ్చే మాస్టర్స్ పిల్లలు, పప్పులో నెయ్యి వేసుకుని నాలుగు ముద్దలు మింగాక తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతారు. "అంకుల్, మీరు ఏ కంపెనీలో చేసి రిటైరయ్యారు?" కాలువలు తవ్వించేవాణ్ణి అంటాను. జోకు అనుకుని నవ్వుతారు. ఈ దేశంలో తెలుగువాడంటే ఒళ్ళో ల్యాప్‌టాప్ అయినా ఉండాలి, మెడలో స్టెతస్కోపు అయినా ఉండాలి. మా ఇంట్లో స్టెతస్కోపు మా ఆవిడది. నేను ఆవిడ వెనకాల సూట్‌కేసులు మోసుకుంటూ దిగినవాణ్ణి.

దిగేనాటికి నాకు గోదావరి డెల్టాలో ఇరిగేషన్ శాఖ అనుభవం తప్ప మరో విద్య లేదు. అదృష్టం బాగుండి కేంబ్రిడ్జ్‌కి ఉత్తరాన ఉన్న ఫెన్స్ ప్రాంతంలో మురుగునీటి కాలువలు చూసుకునే సంస్థలో ఉద్యోగం దొరికింది. మీరెప్పుడైనా ఆ దారిన రైల్లో వెళ్ళి ఉంటే చూసే ఉంటారు. బల్లపరుపు నేల, నల్లమట్టి, స్కేలు పెట్టి గీసినట్టు కాలువలు. ఆ నేల చాలాచోట్ల సముద్రమట్టం కన్నా కిందే ఉంటుంది. మన దగ్గర పొలానికి నీళ్ళు రప్పించడం ఉద్యోగమైతే, అక్కడ పొలంలోంచి నీళ్ళు తరమడం ఉద్యోగం. అంతే తేడా. గమ్‌బూట్లు రెండు చోట్లా ఒకటే.

ఇప్పుడు చెప్పబోయేది 2013 నాటి మాట. అప్పటికి నేను రిటైర్మెంటు అంచుకు వచ్చేశాను. ఆఫీసులో అందరూ నన్ను గౌరవంగా చూసేవారు. అంటే బరువైన పనులన్నీ నా బల్ల మీద పెట్టేవారు.

ఒక ఊరికి ఏటా చలికాలంలో వరద వచ్చేది. పెద్దదేమీ కాదు, వంటింట్లో చీలమండ లోతు నీళ్ళు. కానీ వంటింట్లో చీలమండ లోతు నీళ్ళలో నిలబడి టీ పెట్టుకునేవాళ్ళకు అది పెద్దదే. ఆ ఊరి నీళ్ళు పంపుహౌస్‌కు చేర్చడానికి కొత్త కాలువ తవ్వాలని నిర్ణయించారు. శరదృతువు వానలు మొదలయ్యేలోగా పూర్తి కావాలి. దాని అలైన్‌మెంటు, అంటే ఎటు నుంచి ఎటు పోవాలన్న గీత, నాకు అప్పగించారు.

ఊరు ఒక కొసన, పంపు ఒక కొసన. మధ్యలో ఒకే రైతు పొలం. ఆ పొలం నడిమధ్యన, మన ఇంటి స్థలమంత మేర, దున్నకుండా వదిలేసిన చెక్క ఒకటి ఉంది. దురదగొండి ఆకులు, ముళ్ళపొదలు, ఒక గిడస చెట్టు. దాన్ని చూడగానే నా ప్రాణం లేచి వచ్చింది. మా శాఖలో చేరిన మొదటి రోజే మా ఓవర్సీరు గారు నేర్పిన పాఠం ఏమిటంటే, కాలువ ఎప్పుడూ బంజరు మీదుగా తియ్యాలి, పంట భూమి జోలికి పోతే రైతు కర్ర పట్టుకుని గట్టు మీద నిలబడతాడని. అందుకని నా గీతను ఆ చెక్క నడుమ నుంచి నిక్కచ్చిగా లాగేశాను.

ఆఫీసులో మా పెద్ద ఇంజినీరమ్మ ప్లాన్ చూసి, "దీన్ని ఎందుకు దున్నలేదో?" అంది. ఆవిడ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "చిత్తడిగా ఉంటుంది" అన్నాను నేను. అందరూ తలలూపారు. రైతుకు నోటీసు వెళ్ళింది. ఆయన మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఆస్పత్రిలో ఉన్నాడు. ఆ నోటీసు వాళ్ళింట్లో గోడగడియారం వెనక దోపిన మిగతా నోటీసుల్లో చేరింది. అభ్యంతరాలు లేవని మేం రాసుకున్నాం.

ఫెన్స్‌లో బంజరు అనేది ఉండదని నాకు తట్టలేదు. అక్కడి రైతులు ఇంటి గుమ్మం దాకా బంగాళాదుంపలు వేస్తారు. అలాంటి నేల మధ్య ఒక చెక్కను తరాల తరబడి వదిలేశారంటే దానికో కారణం ఉండి తీరుతుంది. గోదావరి బుర్రతో ఫెన్స్ మీద గీత గీస్తే ఇలాగే ఉంటుంది.

మట్టి తవ్వే డిగ్గర్ దిగిన రోజు పొద్దున నాకు ఫోన్ వచ్చింది. డ్రైవరు లిథువేనియా వాడు, నిదానస్తుడు.

"బాస్, సెంటర్ లైన్ మీద ఒక ముసలావిడ కుర్చీ వేసుకుని కూర్చుంది."

"లెమ్మని చెప్పకపోయావా?"

"చెప్పాను. టీ తాగుతావా అంది."

"నువ్వేమన్నావు?"

"తాగుతున్నాను, బాస్."

గమ్‌బూట్లు వేసుకుని పరుగెత్తాను. నిజంగానే, గీతకు గుర్తుగా నేను పాతించిన పెగ్గుల వరుస మధ్యలో మడత కుర్చీ, దాని మీద తలకు స్కార్ఫ్ కట్టుకున్న పెద్దావిడ. పక్కన ఫ్లాస్కు. ఒళ్ళో ఒక పూలకుండీ, అందులో నిండుగా కాసిన మిరపమొక్క. కాయలు మన సన్నమిరప కాదు. పసుపుపచ్చగా, పొట్టిగా, నొక్కులు నొక్కులుగా, బుల్లి గుమ్మడికాయల్లా ఉన్నాయి. ఇంగ్లీషు పొలం మధ్య, ఇంగ్లీషు ముసలావిడ ఒళ్ళో మిరపమొక్క ఏమిటని నాకు కాలువ సంగతి ఒక్క క్షణం మరుపుకొచ్చింది.

"ఈ గీత గీసింది మీరేనా?" అంది ఆవిడ.

"నేనేనండీ."

"చక్కగా గీశారు. కాకపోతే అది ఆయన మీద నుంచి పోతోంది."

"ఎవరి మీద నుంచి?"

ఆవిడ తన బూట్ల కింద నేల వైపు చూసింది. డ్రైవరు మెల్లిగా కప్పు కింద పెట్టాడు.

ఆవిడ ఆ రైతుకు అక్క. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఆవిడ చిన్నపిల్ల. పొలానికి అవతల బాంబర్ విమానాల స్థావరం ఉండేది. కోతల సమయంలో సెలవు దొరికిన సైనికులు పొలం పనికి సాయం వచ్చేవారట. వాళ్ళలో ఒకడు వెస్టిండీస్‌లోని ట్రినిడాడ్ నుంచి వచ్చాడు. ఎవరూ రమ్మని బలవంతపెట్టకుండానే ఓడెక్కి వచ్చి వైమానిక దళంలో చేరాడు. బాంబర్ తోకలో ఒంటరిగా కూర్చునే తుపాకీ మనిషి.

"మా అమ్మ మొదటిసారి భోజనం పెట్టినప్పుడు ఉడకబెట్టిన బంగాళాదుంపలూ క్యాబేజీ పెట్టింది. ఆయన ఎంతో మర్యాదగా తిన్నాడు. కానీ పళ్ళెం వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది" అంది ఆవిడ.

ఆ చూపేమిటో నాకు వేరే చెప్పక్కర్లేదు. మీకూ అక్కర్లేదు. యూనివర్సిటీ హాస్టల్లో మొదటి రాత్రి మీరు పాస్తా వైపు చూసిన చూపే అది. మన సూట్‌కేసులో అమ్మ కట్టిన ఆవకాయ సీసా ఉంటుంది, పగలకుండా మధ్యలో తువ్వాలు చుట్టి. ఆయన జేబులో వాళ్ళమ్మ ఇచ్చిన మిరపగింజలు ఉన్నాయి. మరోసారి వచ్చినప్పుడు వాళ్ళ గ్లాస్‌హౌస్‌లో, అంటే మొక్కలు పెంచే అద్దాల గదిలో, ఒక మూల అడిగి పుచ్చుకుని గింజలు నాటాడు. సెలవు దొరికినప్పుడల్లా వచ్చి వాటిని చూసుకునేవాడు. ఈ పిల్ల వెంట తిరుగుతూ ఉండేది. కాయ పండనీ, మా ఊళ్ళో ఎలా తింటామో నీకు చూపిస్తానని మాటిచ్చాడు.

కాయలు రంగు తిరుగుతున్న వారంలో, తెల్లవారుజామున దాడి నుంచి తిరిగొస్తున్న ఆయన విమానం ఈ పొలంలో కూలింది. మిగతావాళ్ళను బయటికి తీసి గౌరవంగా పూడ్చారు. ఆయన కూర్చున్న తోకభాగం మాత్రం ఆ ఊబిలాంటి నల్లమట్టిలో ఎక్కడికి దిగబడిందో అంతు దొరకలేదు. ఎంత తవ్వితే అంత నీరు ఊరింది. చివరికి గొయ్యి పూడ్చేసి వెళ్ళిపోయారు. సమాధి లేనివాళ్ళ పేర్ల మధ్య ఆయన పేరు ఎక్కడో రాయి మీద ఉంది. మనిషి ఇక్కడున్నాడు.

"ఆ రోజు మా ఇంట్లో ఎవరూ ఏడవలేదు. మా నాన్న ఏడవొద్దన్నారు, అందరి ఇళ్ళలోనూ ఇదే ఉంది, ముందు పాలు పితకాలి అన్నారు. అమ్మ లేచి వెళ్ళి మిరపమొక్కలకు నీళ్ళు పోసింది."

ఆ కాయల్ని పారేయడానికి వాళ్ళమ్మకు చేతులు రాలేదు. గింజలు తీసి తగరపు డబ్బాలో దాచి మరుసటి ఏడు మళ్ళీ నాటింది. ఆ పై ఏడూ నాటింది. ఆవిడ తర్వాత కూతురు నాటింది. ఆ ఇంట్లో మిరియాల పొడికే దగ్గే మనుషులు, తాము రుచి కూడా చూడని మిరపను దాదాపు డెబ్భై ఏళ్ళుగా పెంచుతున్నారు. తండ్రి పోయాక కొడుకు, అంటే మన మోకాలి రైతు, యుద్ధం అయిపోయాక పుట్టినవాడు, ఆ మనిషిని కళ్ళతో చూడని వాడు, ఏటా ఇక్కడికి రాగానే నాగలి ఎత్తుకుని చుట్టూ తిరిగి వెళ్ళేవాడు.

"మరి ఎవరికీ చెప్పలేదా?" అన్నాను.

"అందరికీ తెలుసనుకున్నాం" అంది ఆవిడ.

తర్వాత ఆవిడ ఒక కాయ తుంచి నా ముందు పెట్టింది. "మీవాళ్ళు తింటారుగా ఇవి?"

"మేం వేరండీ. ఆయనది ట్రినిడాడ్. మాది ఇండియా. మధ్యలో రెండు సముద్రాలున్నాయి."

"మాకన్నా దగ్గరే కదా."

అంత మాటన్నాక కాయ అందుకోక తప్పలేదు. పైగా గుంటూరు కారం కలిపిన ఆవకాయతో పెరిగిన నాలుక ఇది, గ్లాస్‌హౌస్‌లో ముద్దుగా పెరిగిన కాయ నన్నేం చేస్తుందిలే అని లోలోపల కాస్త పొగరు కూడా ఉంది. సగం కొరికాను.

మొదట పండువాసన, ఆ వెనక కాస్త తీపి. ఫరవాలేదే అనుకున్నాను. తర్వాత చెవుల్లోంచి పొగ వచ్చింది. ఎక్కిళ్ళు, కళ్ళమ్మట నీళ్ళు, ముక్కమ్మట నీళ్ళు. డ్రైవరు కంగారుపడి వేడివేడి టీ నోటికందించాడు. ఆ ఉపకారాన్ని నేను ఇప్పటికీ మర్చిపోలేదు. మన జాతి పరువు ఆ పొలంలో ఆ రోజు ఎంత పోవాలో అంతా పోయింది.

ఆవిడ మాత్రం నవ్వలేదు. ముందుకు వంగి, నా మొహాన్ని శ్రద్ధగా చూస్తూ కూర్చుంది.

"ఆయన కూడా ఇలాగే కొరుక్కుని తినేవాడంటారా?"

"లేదండీ" అన్నాను ఎక్కిళ్ళ మధ్య. "ఇది కొరుక్కునే కాయ కాదు. దీనికేదో పద్ధతి ఉండి ఉంటుంది."

"ఏమిటా పద్ధతి?"

"నాకు తెలియదు."

ఆవిడ ముఖం చిన్నబోయింది. కాలువ ఆపమని ఆవిడ నన్ను ఒక్కసారి కూడా బతిమాలలేదు. ఈ ఒక్క జవాబు దొరకనందుకు మాత్రం కుండీని దగ్గరికి లాక్కుంది. నాకు చాలా బాధేసింది. చిన్నప్పుడు చూపిస్తానన్న ఒక సంగతి కోసం మనిషి జీవితకాలం ఎదురు చూస్తుందని అంతకు ముందు నేను ఎరగను.

అంతలో తమ్ముడు చేతికర్ర ఊతంగా కుంటుకుంటూ వచ్చాడు. కర్ర చూసి నేను పాత అలవాటు కొద్దీ రెండడుగులు వెనక్కి వేశాను. ఆయన ఆ కర్రతో తన దుంపల పొలం వైపు చూపించాడు. "అటు పక్క తీసుకో, ఇటు పక్క తీసుకో. ఎంత కావాలో అంత తీసుకో. ఇది వదిలెయ్." నా సర్వీసులో మొదటిసారి ఒక రైతు మంచి నేల ఇస్తాను, బంజరు వదిలెయ్యమంటున్నాడు. మా ఓవర్సీరు గారు ఉంటే నమ్మేవారు కాదు.

డ్రైవర్ని ఇంజిన్ ఆపెయ్యమని, పెద్ద ఇంజినీరమ్మకు ఫోన్ చేశాను. యుద్ధంలో కూలిన సైనిక విమానాన్ని అనుమతి లేకుండా కదపడానికి ఈ దేశంలో చట్టం ఒప్పుకోదు. ఆ సంగతి ఆవిడకు నాకన్నా బాగా తెలుసు. ఐతే ఆవిడకు ఇంకో సంగతి కూడా తెలుసు, వానలొచ్చేస్తున్నాయని.

"పెద్దవాళ్ళ జ్ఞాపకం ఒక్కటే చాలదు" అంది ఆవిడ. "నేలలో ఇనుము ఉందో లేదో చూసే పరికరం పట్టుకుని నేనే వస్తున్నాను."

వచ్చింది. ఆ పరికరాన్ని తనే చేత్తో పట్టుకుని ముళ్ళపొదల మధ్య నడిచింది. దుంపల పొలంలో గమ్మున ఉన్న దాని ముల్లు, ఆ చెక్కలో అడుగు పెట్టగానే ఒక పక్కకు వాలిపోయింది. ఆవిడ ఇంకా లోపలికి నడిచింది. కుర్చీ ఉన్న చోటుకు వచ్చేసరికి ముల్లు చివరికంటా పోయి అక్కడే ఆగింది. మా ఇంజినీరమ్మ టోపీ తీసింది. డ్రైవరు కూడా తీశాడు. నేను టోపీ పెట్టుకోను కాబట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాను.

కాసేపటికి ఇంజినీరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "చుట్టూ తిప్పాలంటే వంపు రావాలి. ఫెన్స్‌లో మేం వంపులు తియ్యం. వంపు దగ్గర నీటి జోరు తగ్గి ఒండ్రు పేరుకుంటుంది. రెండేళ్ళకే పూడిపోయి ఊరు మళ్ళీ మునుగుతుంది."

"మేడమ్, నేను వంకర కాలువల దేశం నుంచి వచ్చాను" అన్నాను. "మా డెల్టాలో గుడి అడ్డొస్తే వంపు, ఊరు అడ్డొస్తే వంపు, పలుకుబడి ఉన్నవాడి కొబ్బరితోట అడ్డొస్తే మూడు వంపులు. ఒండ్రు నిలవకుండా వంపు ఎలా తియ్యాలో నాకు వదిలెయ్యండి."

ఆవిడ నవ్వడం నేను చూసిన రెండు మూడు సార్లలో అదొకటి. ఆ రాత్రి నేను ఇంటికెళ్ళి వంటింటి బల్ల మీద ప్లాను పరిచాను.

"ఏవండీ, కళ్ళెందుకు అలా ఉబ్బాయి?" అంది మా ఆవిడ.

"ట్రినిడాడ్ మిరపకాయ తిన్నాను."

"ఈ వయసులో మీకెందుకండీ ఇవన్నీ" అంటూనే మజ్జిగ కలిపి ఇచ్చింది. సంగతంతా చెప్పాక గీతల మీద నుంచి గ్లాసు తీసి పక్కన పెట్టి, ఎదురుగా కూర్చుంది. వంపు బయటి వైపు గట్టుకు రాళ్ళు కట్టడం, లోపలి వైపు వాలు పెంచడం, అన్నీ మా డెల్టాలో కాలువలు కాసే లస్కర్లు చేసిన పనులే. కాలువ వానలకు ముందే పూర్తయింది. ఆ చలికాలం ఊళ్ళో పొడి వంటిళ్ళలో టీలు పెట్టుకున్నారు. ఇప్పటికీ ఆ వంపు పూడలేదు. పిల్లలూ, ఎప్పుడైనా అటు వెళ్తే చూడండి. స్కేలు పెట్టి గీసినట్టున్న కాలువల మధ్య ఒకటి ఒక ముళ్ళపొదల చెక్క దగ్గరికొచ్చి మర్యాదగా పక్కకు తప్పుకుని వెళ్తుంది.

వైమానిక దళం వాళ్ళకు మా ఇంజినీరమ్మ అన్నీ తెలియజేసింది. వాళ్ళు వెతికి వెతికి ఆ సైనికుడి బంధువును పట్టుకున్నారు. ఆయన అక్కకు మనవడు. మాంచెస్టర్‌లో ట్రామ్ నడుపుతాడు. మరుసటి ఏడు కాయలు పండే వేళకు వచ్చాడు. ఆ చెక్క దగ్గర చాలాసేపు ఒక్కడే నిలబడ్డాడు. తవ్వి తీయించాలని ఉందా అని రైతు అడిగాడు. ఆయన చుట్టూ దున్నిన నేలను, మధ్యలో దున్నని ఆ కాస్త నేలను చూశాడు.

"వద్దు. ఇక్కడ బాగానే చూసుకుంటున్నారు" అన్నాడు.

తర్వాత వంటింట్లోకి వచ్చి చొక్కా చేతులు మడిచాడు. వాళ్ళ నాయనమ్మ, అంటే ఆ సైనికుడి అక్క, చేసే పద్ధతి ఆయనకు వచ్చు. పసుపు కాయల్ని వెల్లుల్లి, ఆవాలు, వెనిగర్, కాస్త క్యారెట్ వేసి నూరాడు. ఒక సాస్ తయారైంది. దాన్ని ఉత్తగా తినరు, చేప మీద, కూర మీద చుక్క వేసుకుంటారు. ఆవాలూ వెల్లుల్లీ కలిసిన ఆ ఘాటు ముక్కుకు తగలగానే నేను మా అమ్మ వంటింట్లో ఉన్నాననిపించింది. రెండు సముద్రాలన్న మాట వెనక్కి తీసుకున్నాను.

"ఇదేనా పద్ధతి?" అంది పెద్దావిడ.

"ఇదేనండీ. ఆయన వేళ్ళకు కూడా ఇదే వాసన ఉండి ఉంటుంది" అన్నాడు ఆయన.

ఆవిడ పళ్ళెంలో ఉడకబెట్టిన బంగాళాదుంప ఒకటి పెట్టుకుంది. దాని మీద చెంచా కొసతో ఒక్క చుక్క వేసుకుని తిన్నది. మేమంతా ఆవిడ వైపే చూస్తున్నాం. మొదట ఏమీ కాలేదు. తర్వాత మొహం ఎర్రబడింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, చెంపల మీదుగా ధారగా కారిపోయాయి. తమ్ముడు కంగారుగా పాలగ్లాసు తెచ్చాడు. ఆవిడ చేత్తో ఆపింది.

"ఉండనివ్వు. నాన్న ఆ రోజు ఏడవనివ్వలేదు" అని, ఇంకో చుక్క వేసుకుంది.